నాన్నమ్మ పట్టాభిషేకం పటం: బంగారం మళ్లీ వేయించాలా, వద్దా?

శ్రావణమేఘం:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక తంజావూరు పటం ఉంది. శ్రీరామ పట్టాభిషేకం. ఎత్తు రెండున్నర అడుగులు, వెడల్పు రెండడుగులు. మా తాతగారు రైల్వే ఉద్యోగంలో కుంభకోణంలో ఉన్న రోజుల్లో నాన్నమ్మ పట్టుబట్టి కొనిపించుకుందట. అప్పటికి మా నాన్న ఇంకా పలకాబలపం పట్టుకుని బడికి వెళ్తున్నారట. అంటే అరవై ఏళ్ల పైమాటే.

ఆ తర్వాత అది తెనాలిలో దేవుడి గదిలోనే ఉంది. ఆ గదికి కిటికీ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నాన్నమ్మ దీపం పెట్టేది. ఆవిడ పోయాక ఆ ఇల్లు అమ్మేశాం, పటం నాతో హైదరాబాదు వచ్చింది. సామాను దింపేటప్పుడు అద్దం పగిలింది. అద్దం తీసి దగ్గరగా చూస్తే బంగారం అంతా మసిబారి ముదురు గోధుమ రంగులో ఉంది. సీతమ్మ కిరీటం దగ్గర బొటనవేలి గోరంత ముక్క ఊడిపోయి కింద తెల్లగా సుద్ద కనిపిస్తోంది. ఇంకో రెండు మూడు చోట్ల రేకు అంచులు పైకి లేచాయి.

వచ్చే నెల మా కొత్తింటి గృహప్రవేశం. ఈ పటం పూజగదిలో పెట్టుకోవాలని నా కోరిక. దగ్గర్లో ఫ్రేములు కట్టే షాపుకి తీసుకెళ్తే, మూడున్నర వేలు ఇస్తే బంగారం మొత్తం కొత్తదానిలా చేసి ఇస్తామన్నారు. డబ్బు పెద్ద విషయం కాదు. కానీ ఆయన చూపించిన డబ్బా చూసి నాకు మనసొప్పలేదు, అది మామూలు పెయింటు డబ్బాలాగే ఉంది.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. నిన్న కింది మూల కొంచెం తడిగుడ్డతో తుడిచాను. మసి పోతుందనుకున్నా. గుడ్డ మీద చిన్న చిన్న మెరుపులు కనిపించాయి. అప్పటి నుంచి నాకు నిద్రపట్టడం లేదు. నేను దాన్ని పాడుచేశానా? అసలు ఇది నిజం బంగారమేనా? మళ్లీ వేయించవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బెంగళూరు బాబాయ్:

కంగారు పడకమ్మా. బంగారం వరఖు ఆన్‌లైన్లో దొరుకుతుంది, స్వీట్ల మీద వేస్తారే, అదే. చిన్న పుస్తకంలా ఆకుల మధ్య పెట్టి అమ్ముతారు. ఊడిన చోట ఫెవికాల్ పలచగా రాసి అతికించేసెయ్. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి అలాగే చేశాం, బాగానే వచ్చింది. మొత్తం పటానికైతే షాపువాడికి ఇవ్వడమే నయం.

తిరుపతి పటాలు:

అమ్మా, ముందు ఆ తడిగుడ్డ పక్కన పెట్టండి. పటాన్ని ఎవరికీ ఇవ్వకండి. ఫెవికాల్ అసలే వద్దు. మిగతాది తీరిగ్గా చెబుతాను, కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది.

నేను తిరుపతిలో ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ పటాలు వేస్తున్నాను. నేర్చుకున్నది తంజావూరులోనే, రాజులనే కులానికి చెందిన ఒక చిత్రకారుల కుటుంబంలో. ఆ ఊళ్లో తరతరాలుగా ఈ పని చేసినవాళ్లలో రాజులు, నాయుళ్లు అనే కులాలవారు ముఖ్యులు. విజయనగరం దెబ్బతిన్నాక, తంజావూరును మన తెలుగు నాయక రాజులు ఏలుతున్న కాలంలో, చిత్రకారులు అటు వెళ్లారు. తర్వాత మరాఠా రాజుల కాలంలో, ముఖ్యంగా రెండో శరభోజి రోజుల్లో, ఈ పని బాగా వృద్ధిలోకి వచ్చింది. మా గురువుగారు వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. నేను వెళ్లిన మొదటి రోజు ఆయన నోట తెలుగు విని ఏడ్చినంత పని చేశాను, ఎందుకంటే అప్పటికి నాకు అరవం ఒక్క ముక్క రాదు.

మీ గుడ్డ మీద మెరుపులు చూసి మీరెంత భయపడ్డారో నాకు తెలుసు. నేనూ అదే పని చేశాను. చేరిన రెండో ఏడు, ఒకావిడ నవనీతకృష్ణుడి పటం తెచ్చి బాగుచేయమని ఇచ్చి వెళ్లింది. గురువుగారు ఊళ్లో లేరు. నేను తెలివిగా తడి దూదితో కృష్ణుడి మొలనూలు తుడిచాను. దూది పైకి తీసేసరికి మొలనూలు దూదికి అంటుకుని వచ్చింది. ఆయన వచ్చాక కోప్పడలేదు. గిన్నెలో తుమ్మబంక పొడి వేసి, నీళ్లు పోసి నా ముందు పెట్టారు. "చూస్తూ కూర్చో" అన్నారు. అది మెల్లగా కరిగి నీళ్లలో కలిసిపోయేదాకా కూర్చోబెట్టారు. మీ పటంలో బంగారాన్ని పట్టి ఉంచింది అదే బంక. నీళ్లతో కలిసి అతుక్కున్నది నీళ్లు తగిలితే విడిపోతుంది. బంగారానికి నీళ్లతో ఏ ఇబ్బందీ లేదు, దాని కింద ఉన్నదానికే ఇబ్బంది.

మీ పటం పొరలు ఎలా ఉంటాయో చెబుతాను. అన్నిటికన్నా కింద చెక్క. పాతవాటికి పనసచెక్కో టేకో వాడేవారు, ఇప్పుడు ప్లైవుడ్. దాని మీద జిగురుతో గుడ్డ. గుడ్డ మీద సుద్దపొడి, బంక కలిపిన పూత రెండు మూడు సార్లు వేసి, ఆరాక రాయితో నున్నగా రుద్దుతాం. ఆ తర్వాత బొమ్మ గీత. గీత అయ్యాక నగల రాళ్లు అతికిస్తాం. తర్వాత మక్కు: సుద్దపొడి, బంక చిక్కగా కలిపి, కిరీటం, హారాలు, సింహాసనం, స్తంభాలు, తోరణం, ఇలా నగ ఉన్న ప్రతిచోటా ఉబ్బెత్తుగా పెడతాం. అది ఆరాక దాని మీద బంక రాసి బంగారు రేకు పరిచి, సన్నటి పుల్లతో నొక్కుకుంటూ వెళ్తాం. కింద ఉన్న ప్రతి ముత్యం, ప్రతి మెలిక రేకులోకి తేలి వచ్చేదాకా నొక్కాలి. ఈ పని చేసేటప్పుడు మా గురువుగారి ఇంట్లో ఫ్యాను ఆపేసేవాళ్లం. తంజావూరు మే నెలలో ఫ్యాను లేకుండా! చెమట రేకు మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకునేవాళ్లం.

ఇప్పుడు అసలు విషయం. రంగు వేసేది ఆ తర్వాత. బంగారం ముందు, రంగు వెనక. రాముడి బుగ్గ గీత, భుజం గీత, సీతమ్మ చీర అంచు, అన్నీ బంగారం అంచు మీదకి కాస్త ఎక్కి వచ్చి ఆగుతాయి. హారాల మధ్య ఎర్రటి సన్నగీతలు కూడా బంగారం మీద గీసినవే. ఆ షాపాయన ఇప్పుడు బంగారం మొత్తం కొత్తది వేస్తే ఈ గీతలన్నీ దాని కింద పోతాయి. వాటిని మళ్లీ గీయాలి. గీసేది ఎవరు? ఆ చెయ్యి ఇప్పుడు లేదు కదమ్మా. ముఖం చుట్టూ ఉన్న గీత వెంట్రుకవాసి జరిగితే చాలు, రాముడు రాముడిలా ఉండడు. నా దగ్గరికి అలా "కొత్తగా" చేయించుకున్న పటాలు చాలా వచ్చాయి. వాటికి నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆయన డబ్బాలో ఉన్నది బంగారం కాదు. రాగి, జింకు కలిసిన ఇత్తడి పొడిని వార్నిష్‌లో కలిపినది. రెండు మూడేళ్లు మెరుస్తుంది, తర్వాత ఆకుపచ్చగా మారి, నల్లబడుతుంది. దాన్ని తీయాలంటే కింద ఉన్న రంగు కూడా వస్తుంది.

ఇక మీది నిజమైన బంగారమేనా అన్న ప్రశ్న. మీ మాటల్ని బట్టి చూస్తే అవుననే అనిపిస్తోంది. అద్దం వెనక, అంచున, ఫ్రేము కట్టె కింద దాగిన చోట ఒకసారి చూడండి. అక్కడ మసి చేరదు. ఇత్తడి రేకైతే అక్కడ కూడా ఆకుపచ్చ చుక్కలు, నల్ల మచ్చలు ఉండాలి. పసుపుపచ్చగా, ప్రశాంతంగా మెరుస్తుంటే అది బంగారమే. దానికి వయసు రాదు. పైన కనిపించే గోధుమరంగు దీపం మసి, అగరొత్తుల జిడ్డు.

బెంగళూరు బాబాయ్ గారూ, మీరు మంచి మనసుతో చెప్పారు, కానీ వరఖు ఈ పనికి రాదు. అది ఊపిరి తగిలితే చిరిగిపోతుంది. మేం వాడే రేకు దానికంటే మందం, కత్తెరతో కోసుకోవచ్చు. పలచని వరఖును మక్కు మీద వేస్తే ముత్యాల ఎత్తు దగ్గర పగిలి, సుద్ద బయటపడుతుంది. మైసూరు పటాల్లో పలచని ఆకే వాడతారు, అందుకే అక్కడ మక్కు కూడా పలచగా, దాదాపు చదునుగా ఉంటుంది. రెండూ రెండు దారులు.

ప్రస్తుతానికి మీరు చేయాల్సినవి కొన్నే. పటాన్ని నిలబెట్టకండి, ముఖం పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టండి. లేచిన రేకులు రాలిపోకుండా ఉంటాయి. ఏ ముక్క ఊడినా పారేయకండి, తెల్లకాగితంలో మడిచి కవరులో పెట్టి, ఎక్కడ ఊడిందో రాయండి. ఆకులు రాలినట్టు రాలిన ముక్కలే నాకు అన్నిటికన్నా పనికొస్తాయి.

కడప కంసాలి:

తిరుపతి అమ్మగారికి నమస్కారం. చాలా బాగా రాశారు. నాకొక సందేహం. మాది గుళ్లకు కవచాలు, తాపడాలు చేసే ఇల్లు. గుడిలో బంగారం పాతబడితే మేం మళ్లీ వేస్తాం, దాన్ని తప్పని ఎవరూ అనరు. 1518లో శ్రీకృష్ణదేవరాయలవారు 30 వేల వరహాలతో తిరుమల ఆనందనిలయానికి పూత వేయించారు, ఆ తర్వాత కూడా అది కొత్తగా జరిగింది. జీర్ణోద్ధారణ పుణ్యకార్యమే కదా. పూజలో ఉన్న పటానికి అదే న్యాయం ఎందుకు వర్తించదు? దేవుడు మసిబారి ఉండాలా?

నా పని గురించి కూడా రెండు ముక్కలు చెబుతాను. మా తాతల కాలంలో రాగిరేకును చింతపండుతో తోమి, పాదరసం రుద్ది, దాని మీద బంగారు ఆకులు ఒకదాని మీద ఒకటి అతికి, బొగ్గుల మీద కాల్చేవాళ్లు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం రాగిలోకి దిగి కూర్చుంటుంది. తర్వాత గట్టి రాయితో మెరుగు పెట్టాలి. అది తరతరాలు ఉండే పూత. కానీ మా తాతకి యాభై దాటేసరికి చేతులు వణికేవి, పళ్లు కదిలిపోయాయి. గ్లాసు నోటిదాకా తీసుకెళ్లలేకపోయేవాడు. మా నాయన ఎప్పుడూ దాన్ని దేవుడి శాపం అనుకోలేదు, పాదరసం అనే అనేవాడు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ చర్చి గుమ్మటానికి ఈ పద్ధతిలోనే పూత వేసినప్పుడు ఆ పొగకి పదుల మంది పనివాళ్లు చనిపోయారు. అందుకే నేను ఆ పద్ధతి వదిలేశాను, కరెంటుతో వేసే పూతే చేస్తున్నాను.

యాదగిరిగుట్ట గుడి విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, చూసే ఉంటారు. 2025 ఫిబ్రవరిలో దానికి బంగారు తాపడం పూర్తయింది. 68 కిలోల బంగారం, 10,759 చదరపు అడుగులు. లెక్క వేయండి, చదరపు అడుగుకి ఆరు గ్రాముల పైచిలుకు. మందం మిల్లీమీటరులో వెయ్యోవంతులు మూడున్నర, పుస్తకం కాగితంలో పాతికో వంతు కూడా రాదు. సాగగొట్టిన ఆకు అయితే ఇంకా పలచన. ఒక్క గ్రాముతోనే ఐదు చదరపు అడుగులు కప్పొచ్చు. అంత పలచని ఆకును దీపానికి అడ్డం పెట్టి చూస్తే వెలుగు లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. చిన్నప్పుడు మా తాత చూపించాడు, ఇప్పటికీ మర్చిపోలేదు.

తిరుపతి పటాలు:

నాయనా, మీ తాతగారి సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ పని మీరు మానేసినందుకు సంతోషం.

మీ ప్రశ్న చాలా న్యాయమైనది. మా గురువుగారు కూడా మీవైపే ఉండేవారు. పూజలో ఉన్న పటం నిండుగా ఉండాలి, ఖండితం కాకూడదు అనేవారు. ఆయన చేతి మీదుగా నేనే పాత పటాలకు బంగారం కొత్తగా వేశాను. తర్వాత నా మనసు మారింది. విమానం మీది బంగారు రేకును విప్పి, కొత్తగా పూత వేసి, మళ్లీ బిగించవచ్చు. దాని మీద ఎవరి చేతి గీతా లేదు. అక్కడ బంగారం కానుక. రాజు ఇస్తాడు, భక్తులు ఇస్తారు, ఇంకొకరు మళ్లీ ఇస్తారు. పటంలో బంగారం, రంగు ఒకే మనిషి చేతిలో కలిసి పుట్టాయి. ఒకటి విప్పి ఇంకొకటి ఉంచలేం.

తిరుమల గర్భాలయం గోడలకి కూడా బంగారం తొడుగుదామన్న పథకం వచ్చినప్పుడు, గోడల మీది శాసనాలు దెబ్బతింటాయని అభ్యంతరం వచ్చి, హైకోర్టులో ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రాయలవారి పూత సంగతి మనకి తెలిసింది కూడా శాసనం వల్లే. కింద ఏముందో చూసుకోకుండా బంగారం కప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మసిబారి ఉండాలా అన్నారు. వద్దు. మసిని మసిగానే తీయాలి, బంగారం జోలికి పోకుండా.

శ్రావణమేఘం:

అమ్మా, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీరు చెప్పినట్టు పటాన్ని పడుకోబెట్టాను. ఫ్రేము కట్టె కింద దాగిన అంచు టార్చితో చూశాను. అంగుళం వెడల్పున, నిన్న వేసినట్టు పచ్చగా ఉంది. మా అమ్మని పిలిచి చూపించాను. నాన్నమ్మ కొన్నప్పుడు మొత్తం ఇలాగే ఉండేదన్నమాట అంది.

ఒక చిన్న ప్రశ్న. రాత్రి కరెంటు పోయింది. దీపం వెలిగించి పటం పక్కన పెట్టాను (దూరంగానే). మసి పట్టి ఉన్నా కూడా, ట్యూబులైటు కింద కనిపించని పనితనం అంతా కనిపించింది. స్తంభాల మీద లతలు, సింహాసనం కాళ్ల దగ్గర సింహాలు. ముఖాలు మాత్రం కదలకుండా, మెత్తగా ఉన్నాయి. ఇది నా ఊహా, లేక నిజంగానే అలా చేస్తారా?

తిరుపతి పటాలు:

ఊహ కాదమ్మా. ఆ ఉబ్బెత్తు అందుకే. కిటికీ లేని పూజగదికి, కింద నుంచి వచ్చే దీపం వెలుగుకి చేసిన పటాలు ఇవి. దీపం కాస్త కదిలితే చాలు, మక్కు మీది ప్రతి మెట్టూ ఒక్కో క్షణం ఒక్కో వైపు వెలుగుతుంది. ముఖానికి, ఒంటికి బంగారం పెట్టరు, ఎత్తు కూడా పెట్టరు. చుట్టూ నగలన్నీ మినుకుమినుకుమంటుంటే ముఖం ఒక్కటే నిలకడగా ఉంటుంది. చూసేవాళ్ల కళ్లు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. మీ నాన్నమ్మగారు రోజూ రెండు పూటలా చూసింది దీన్నే. షోరూములో తెల్లటి లైట్ల కింద ఈ పటాలు రేకు డబ్బాల్లా కనిపిస్తాయి, నాకు చాలా బాధేస్తుంది. కొత్తింట్లో దాని మీదకి స్పాట్‌లైట్ పెట్టకండి. పసుపు వెలుగు, తక్కువగా, పక్క నుంచి పడేలా చూసుకోండి. నూనె దీపం కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. కర్పూరం, అగరొత్తులు ఆ గోడ వైపు వద్దు. బయటిగోడకి తగిలించకండి, వానాకాలం చెమ్మ చెక్కలోకి దిగితే చెక్క ఉబ్బుతుంది, మక్కు ఉబ్బదు. మీ రేకులు లేచింది అలాగే.

మసికి నేనేం చేస్తానో చెబుతాను, మీరు చేయకండి. లేచిన అంచుల కింద ముందు సన్నటి కుంచెతో పలచని జిగురు దింపి, మెత్తటి కాగితం వేసి, వేలితో నొక్కి, ఒక రోజు ఆగుతాను. అన్నీ గట్టిపడ్డాకే ఉడత వెంట్రుకల కుంచెతో, పొడిగా, ఒకే దిక్కుకి తుడుస్తాను. గంటకి అరచేయంత. జిడ్డు పట్టిన చోట ఏం వాడాలన్నది పటాన్ని చూస్తేగానీ చెప్పలేను. సీతమ్మ కిరీటం దగ్గర గోరంత చోటుకి మాత్రం కొత్త రేకు వేస్తాను, కవరులో ఆ ముక్క మీకు దొరక్కపోతేనే. కొత్త మెరుపు పక్కదానితో కలిసేలా కాస్త తగ్గిస్తాను. వెనక చెక్క మీద పెన్సిలుతో ఏ తేదీన ఎక్కడ ఏం చేశానో రాస్తాను, రేపు ఇంకెవరైనా పని చేయాల్సివస్తే తెలియాలి.

గృహప్రవేశం లోపు ఇది అవదు. నెల చాలదు. ఆ రోజుకి పటాన్ని అద్దం లేకుండానే, మసితోనే, బల్ల మీద పడుకోబెట్టినట్టే పెట్టి పూజ చేసుకోండి. తర్వాత పత్తిగుడ్డ, దాని మీద మెత్తటి కాగితం, పైన అట్ట, అట్ట పటానికి తగలకుండా నాలుగు మూలలా చెక్క దిమ్మలు పెట్టి కట్టండి. ప్లాస్టిక్ కవరు చుట్టకండి, లోపల చెమట పడుతుంది. రైలైతే కింది బెర్తు తీసుకుని సీటు మీద పడుకోబెట్టి తిరుపతికి తెండి. హైదరాబాదులోనే కన్సర్వేషన్ (పాత కళావస్తువులను కాపాడే పని) చదువుకున్నవాళ్లు దొరికితే ఇంకా మంచిది, ప్రయాణం తప్పుతుంది. అలాంటివారు దొరికితే ముందు ఒక్క మాట అడగండి: తుమ్మబంక మీద అతికిన రేకుని ఎలా తుడుస్తారు అని. నీళ్లు అన్న మాట వినిపిస్తే పటం తీసుకుని వచ్చేయండి.

శ్రావణమేఘం:

అలాగే అమ్మా. కింది బెర్తు ఇవాళే బుక్ చేస్తున్నాను. ఆ ముక్క కూడా దొరికింది, ఫ్రేము కట్టె గాడిలో ఉంది. తెల్లకాగితంలో పెట్టి "సీతమ్మ కిరీటం, ఎడమ వైపు" అని రాశాను.